వీడ్కోలు సంచిక లేని చందమామ

చిన్ననాట చదువుకున్న కథలమాలకు పాఠకుడు ఎలా వీడ్కోలు చెబుతాడన్నది, ఆ కథలమాల ఎలా ముగిసిందన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇంగ్లీషులో హ్యారీ పాటర్ నవలలు చదువుతూ ఎదిగిన తరానికి 2007 జూలై 21 అనే తేదీ ఒకటి ఉంది. ఏడవదీ చివరిదీ అయిన నవల ఆ రోజు విడుదలవుతుందని ముందుగానే తెలుసు కనుక, ఆ పాఠకులు పుస్తకాన్ని చేతికి తీసుకునేటప్పుడే ఇది ఆఖరిదన్న ఎరుకతో తీసుకున్నారు. అంతకు ముందరి తరాల తెలుగు పాఠకులకు అటువంటి తేదీ ఏదీ లేదు. వారి బాల్యాన్ని నింపిన కథలు ‘చందమామ’ మాసపత్రికలో నెలనెలా వస్తూ వచ్చి, ఒకనాటికి రావడం మానేశాయి; మానేసిన సంగతి చాలామందికి కొన్నేళ్లు గడిచాక గాని తెలియలేదు. అందువల్ల చందమామ పట్ల తెలుగువారికున్న బెంగను బాల్యం మీది మమకారంగా మాత్రమే లెక్కగట్టడం సరికాదు. వీడ్కోలు చెప్పే అవకాశం దక్కని బంధం అది, ఆ బెంగ అంత తేలిగ్గా తీరకపోవడానికి కారణం కూడా అదే.

బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో, అంటే దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, మద్రాసు నుంచి ఈ పత్రికను తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు; తమిళంలో దాని పేరు ‘అంబులిమామా’. తరవాతి కాలంలో అది కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, ఒడియా వంటి భాషలకు విస్తరించి, చివరకు సంతాలీలోనూ, శ్రీలంక పాఠకుల కోసం సింహళంలోనూ వెలువడింది. శరత్ నవలలను తెలుగు చేసిన రచయితగా అప్పటికే పేరున్న చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థ పేర ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ వంటి చిత్రాలు తీసిన నిర్మాత కూడా కావడంతో, జానపద కథకు జనంలో ఉన్న బలం ఆయనకు బాగా తెలుసు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు పత్రికలో చేరి, 1980లో కన్నుమూసేవరకు దాని సంపాదక బాధ్యతను మోశారు. కొ.కు.గా ప్రసిద్ధుడైన ఆయన హేతువాది, మార్క్సిస్టు. మధ్యతరగతి జీవితంలోని కపటాన్ని ఎండగట్టిన కథకుడు. దయ్యాలూ మాంత్రికులూ నిండిన పత్రికను అటువంటివాడు మూడు దశాబ్దాలకు దగ్గరగా నడపడం వింతగా తోచవచ్చు గాని, సంచికలను వరసపెట్టి చదివితే వింత తొలగిపోతుంది. చందమామ కథలో మంత్రం ఉన్నా, కథను గట్టెక్కించేది మాత్రం మనిషి తెలివీ, మంచితనమూ, ఓర్పూను. రాక్షసుడు సైతం తన మాటకు తానే చిక్కుకుంటాడు. భాష శిష్టవ్యావహారికం, అనగా చదువుకున్నవారు మాట్లాడుకునే తెలుగును ప్రాంతీయమైన యాస వీలైనంత తగ్గించి రాతకు అనువుగా మలచినది. ఎనిమిదేళ్ల పిల్లకు అడ్డుతగలకుండా సాగే ఆ చిన్న వాక్యాల వెనుక, వచ్చిన ప్రతి కథనూ దాదాపు తిరగరాసిన సంపాదకుడి శ్రమ ఉంది.

పన్నెండు ధారావాహికలు

నెలకు ఒక భాగం చొప్పున సాగే పెద్ద కథను ధారావాహిక అంటారు, వాడుకలో సీరియల్. చందమామను పత్రిక స్థాయి నుంచి పుస్తకమాల స్థాయికి తెచ్చినవి ప్రధానంగా దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలే. గుంటూరు జిల్లాలో 1932లో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో చందమామ కార్యాలయంలో ఉద్యోగిగా చేరిన ఈయన, 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మీదుగా 1978లో ముగిసిన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు నవలలను నెలవారీ భాగాలుగా అందించారు. పేర్లలోనే కోటలు, లోయలు, ద్వీపాలు, పర్వతాలు కనిపిస్తాయి. అంతవరకు పురాణం, పంచతంత్రం, కాశీమజిలీ కథలు తెలిసిన తెలుగు పిల్లలకు, ఊరు దాటి తెలియని చోటికి పోవడమే కథగా సాగే సాహసగాథను ఇంత పొడవునా ఇంత ఎడతెగకుండా అందించినవారు అంతకు ముందు లేరనవచ్చు.

ఆ ధారావాహిక అచ్చులో ఎలా ఉండేదో దగ్గరగా పరిశీలిస్తే, పిల్లలపై దానికున్న పట్టు కొంత అర్థమవుతుంది. మొదటి పేజీలో బొమ్మ, శీర్షిక. వాటి కింద చదరపు కుండలీకరణాల మధ్య, గత నెల కథను నాలుగైదు వాక్యాల్లో చెప్పే చిన్న పేరా. పాత సంచిక పక్కింటివారు తీసుకుపోయి ఇవ్వకపోయినా, ఆ పేరా చదివి కథలోకి దిగవచ్చు. ఆపైన పేజీ పేజీకీ ‘చిత్ర’ బొమ్మ. చిత్ర అనే పేరుతో బొమ్మలు వేసిన టి.వి. రాఘవన్ గీతలో శిరస్త్రాణాలూ, ఓడ తెరచాపలూ, ఏనుగు తొండంపై ముడతలూ ఎంత స్పష్టంగా ఉండేవంటే, రచయిత రెండు మాటల్లో దాటేసిన వింతజంతువు రూపం పాఠకుడికి బొమ్మలోనే పూర్తిగా దొరికేది. చివరి పేజీలో వీరుడు లోయ అంచున జారుతుండగానో, మాంత్రికుడు మంత్రదండం ఎత్తుతుండగానో వాక్యం ఆగి, కింద ‘ఇంకా ఉంది’ అని ఉండేది. తరవాతి సంచిక వచ్చేదాకా నెల రోజులపాటు ఆ వీరుడు అక్కడే వేలాడుతుంటాడు. ఈలోగా బడిలో, వీధి అరుగుల మీద, పిల్లలు తమకు తోచిన విధంగా అతణ్ణి పైకి లాగుతుంటారు. ధారావాహికలో సగం పాఠకుడి చేతనే రాయించడం ఈ పద్ధతిలోని సుగుణం. మొత్తం నవల ఒకేసారి చేతికందిన పిల్లవాడికి ఈ భాగ్యం ఉండదు.

ఇరవై నాలుగేళ్లలో పన్నెండు ధారావాహికలంటే సగటున ఒక్కొక్కటి రెండేళ్లు నడిచిందన్నమాట. కథలు తనంతట తాను చదవగలిగే ఎనిమిదో ఏట మొదలుపెట్టి, పద్నాలుగో పదిహేనో ఏట వారపత్రికల నవలలకు మళ్లే పాఠకుడికి, బాల్యం మొత్తంలో సగటున మూడు ధారావాహికలే పూర్తిగా అందుతాయి. కాబట్టి చందమామను అందరూ చదివారన్న మాట నిజమే అయినా, అందరూ ఒకే చందమామ చదవలేదు. ఒక తరానికి చందమామ అంటే ‘తోకచుక్క’లోని సమరసేనుడు, అతడి చుట్టూ తమ పగలు తీర్చుకునే ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు, మరో తరానికి ‘శిథిలాలయం’లోని శిఖిముఖి, విక్రమకేసరి, ఇంకో తరానికి ‘మాయాసరోవరం’లోని జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకే ఇంట్లో పెద్దన్నా ఆఖరి తమ్ముడూ తమ తమ చందమామల గురించి వాదించుకున్నారంటే, ఇద్దరూ వేర్వేరు పుస్తకాల గురించి మాట్లాడుతున్నారన్నమాట.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. ధారావాహికకు ముగింపు ఉండేది. రాక్షసుడు చచ్చేవాడు, రాజ్యం నిలిచేది, స్నేహితులు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయేవారు. రెండేళ్లు వెంట నడిచిన పాత్రలు వెళ్లిపోయినందుకు పిల్లవాడు దిగులుపడేలోగానే కొత్త ధారావాహిక కొత్త బొమ్మలతో ఎదురొచ్చేది. ఒక కథ నుంచి సెలవు తీసుకోవడం, మరో కథకు తలుపు తీయడం అనే రెండు పనులనూ ఆ పత్రిక పిల్లలకు చిన్న మోతాదులో అలవాటు చేసింది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల విషయంలో పత్రిక అసంపూర్తిగా మిగిల్చిందంటూ ఏదీ లేదు. అసంపూర్తి అంతా పత్రికలోని మరో శీర్షికది.

చెట్టెక్కే శవం

1955లో చందమామలో మొదలైన బేతాళ కథలకు మూలం సంస్కృతంలోని ‘బేతాళ పంచవింశతి’, అంటే బేతాళుడు చెప్పిన ఇరవై అయిదు కథలు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన ‘కథాసరిత్సాగరం’లో ఇవి చేరి ఉన్నాయి. అందులోని రాజు గోదావరి తీరంలోని ప్రతిష్ఠానాన్ని, నేటి మహారాష్ట్రలోని పైఠాన్‌ను, ఏలే త్రివిక్రమసేనుడు. లోకంలో స్థిరపడింది మాత్రం విక్రమార్కుడి పేరే. ఆ రాజు కథలు తెలుగువారికి కొత్తవి కావు; జక్కన ‘విక్రమార్క చరిత్రము’, కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ మధ్యయుగంలోనే అతణ్ణి తెలుగు కావ్యంలో నిలిపాయి. బేతాళ కథల ప్రత్యేకత వాటి చట్రంలో ఉంది. కథలను తనలో ఇముడ్చుకుని ఉండే బయటి కథను చట్రకథ అంటారు. ఇక్కడి చట్రం అందరికీ తెలిసినదే: శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే రాజుకు, శవంలోని బేతాళుడు దారి శ్రమ తెలియకుండా ఒక కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

మూలంలో ఈ చట్రానికి గట్టి ముగింపు ఉంది. చివరి కథలో బేతాళుడు అడిగిన ప్రశ్న, ఒక తండ్రి వేరొక ఇంటి కూతుర్నీ, అతడి కొడుకు ఆమె తల్లినీ పెళ్లాడితే వారికి పుట్టిన పిల్లలు పరస్పరం ఏమవుతారన్నది. రాజుకు నిజంగానే జవాబు తోచదు. తోచక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు, శవాన్ని తెమ్మని పంపిన క్షాంతిశీలుడు అనే భిక్షువు రాజునే బలి ఇవ్వబోతున్నాడని హెచ్చరించి, తప్పించుకునే ఉపాయం చెబుతాడు. సాష్టాంగపడమని భిక్షువు అడిగినప్పుడు, ఎలా పడాలో చూపమని కోరి, రాజు అతడి తల నరుకుతాడు. ఆపైన వరం కోరుకోమంటే, ఈ కథలన్నీ లోకంలో ప్రసిద్ధి పొందాలని మాత్రమే కోరుతాడు. రాత్రంతా తనను విసిగించిన కథకుడి పట్ల రాజు చూపిన ఈ మర్యాద కంటే మంచి వీడ్కోలు కథాసాహిత్యంలో అరుదు.

చందమామ ఆ ముగింపు దగ్గర ఆగలేదు. ఆగితే నెలనెలా వచ్చే శీర్షిక ఆగిపోతుంది. మూలంలోని కథలు అయిపోయాక, చిక్కుముడి ఉన్న కొత్త కథలను ఎంచి, చివర బేతాళుడి ప్రశ్నను, విక్రమార్కుడి జవాబును చేర్చి అదే చట్రంలో అమర్చుతూ పోయారు. ఇరవై అయిదు కథల సంస్కృత రచన తెలుగులో దశాబ్దాల తరబడి సాగి, కొన్ని వందల కథలైంది. సాహిత్యపరంగా ఇది సాహసోపేతమైన నిర్ణయమే, దానివల్ల లాభమూ ఉంది. ప్రశ్నకు జవాబు తాను ముందే ఊహించి, పేజీ తిప్పి రాజు జవాబుతో సరిచూసుకోవడం ప్రతి నెలా పిల్లలకు ఒక పరీక్షగా మారింది. త్యాగాల్లో ఏది గొప్పది, మాట తప్పిన మంత్రిది తప్పా, రాజుది తప్పా వంటి ప్రశ్నల్లో పిల్లలు తమకు తెలియకుండానే న్యాయవిచారణ నేర్చుకున్నారు. అయితే ఈ నిర్ణయానికి ఒక వెల కూడా ఉంది. ముగింపును మూలం నుంచి తీసి పక్కన పెట్టడంతో, శీర్షికకు ముగియగల శక్తి పోయింది. శవం ఎన్నడూ శ్మశానం చేరదు, భిక్షువు ఎన్నడూ కనబడడు, రాజు ఎందుకు నడుస్తున్నాడో చిన్న పాఠకుల్లో చాలామందికి తెలియనే తెలియదు.

ఆ నడకకు రూపమిచ్చింది శంకర్. కె.సి. శివశంకరన్ అనే ఈ చిత్రకారుడు గీసిన శీర్షికాచిత్రంలో రాజు కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని, పుర్రెలు పడి ఉన్న నేల మీద ముందుకు సాగుతుంటాడు. ముఖంలో భయం గాని వీరావేశం గాని కనిపించదు, పని మీద ఉన్న మనిషి శ్రద్ధ మాత్రమే కనిపిస్తుంది. నెలనెలా కథ మారినా ఆ బొమ్మ భావం మారకపోవడం వల్లనే, అక్షరాలు రాని పిల్లలు కూడా బేతాళ కథ పేజీని తమంతట తామే తీయగలిగేవారు. ముఖచిత్రాలకు వపా అనే సంతకంతో ప్రసిద్ధుడైన వడ్డాది పాపయ్య, భారత కథలకు ఎం.టి.వి. ఆచార్య ఇచ్చిన బొమ్మలు కూడా ఇంతే బలంగా నాటుకున్నవి. శంకర్ 2020 సెప్టెంబరులో, 96 ఏళ్ల వయసులో మరణించారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది.

పేరు లేని కథకులు

వీడ్కోలు కుదరకపోవడానికి మరో కారణం, ఎవరికి చెప్పాలో పాఠకులకు తెలియకపోవడం. చందమామలో సంపాదకుడిగా అచ్చయింది చక్రపాణి పేరు, కొ.కు. పేరు కనిపించదు. 1975లో చక్రపాణి మరణించాక కూడా ఆ స్థానంలో వచ్చింది నాగిరెడ్డి పేరే. ధారావాహికల కింద దాసరి సుబ్రహ్మణ్యం పేరు లేదు. రచయిత ఉద్యోగి కనుక రచన పత్రికదని, ఏ ఒక్కరి ముద్రా లేకుండా పత్రికకే ఒక గొంతు ఉండాలని యాజమాన్యం భావించి ఉండవచ్చు. ఆ గొంతు నిజంగానే ఏర్పడింది కూడా. అయినా లక్షలాది పిల్లలు రెండేళ్లపాటు ఊపిరి బిగబట్టి చదివిన నవల మీద దాని కర్త పేరు లేకపోవడం అన్యాయమే. ‘తోకచుక్క’ ఎవరు రాశారని అడిగితే చందమామ వాళ్లు రాశారని జవాబిచ్చిన తరాలు రెండు గడిచాయి. ఆయన పేరు, ఆయన రచనల జాబితా విస్తృతంగా తెలిసేసరికి ఆయన వృద్ధాప్యంలో ఉన్నారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. అభిమానుల కృతజ్ఞత ఆయనకు అందలేదని కాదు, చాలా ఆలస్యంగా, బహు కొద్దిగా అందింది.

పత్రిక ఆఖరి దశను క్లుప్తంగానే చెప్పవచ్చు. 1998లో ఆగిపోయి, 1999 చివర్లో కొత్త పెట్టుబడితో తిరిగి మొదలై, 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీయే ఆర్థికంగా కుంగిపోవడంతో, 2013 నాటికి అన్ని భాషల్లోనూ చందమామ నిలిచిపోయింది. ముగింపు సంచిక అంటూ ఏదీ రాలేదు. అప్పటికే కొన్నేళ్లుగా కథల పొందికలోనూ బొమ్మల్లోనూ మార్పులు వచ్చి, పాత పాఠకులు దూరమై, కొత్త పిల్లలు టీవీ కార్టూన్లకు అలవాటుపడ్డారు కనుక ఆ చావు పెద్ద వార్త కూడా కాలేదు.

పత్రిక చెప్పని వీడ్కోలును పాఠకులే రకరకాలుగా చెప్పుకుంటూ వచ్చారు. వాటిలో పాతది బైండింగు. ధారావాహిక పూర్తయ్యాక, ఇరవై ఇరవై నాలుగు సంచికల నుంచి ఆ పేజీలను మాత్రమే జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టి, అట్ట వేయించి నవలగా దాచుకోవడం తెలుగు ఇళ్లలో చాలాకాలం నడిచింది. కుట్టు విప్పిన సంచికలోని మిగతా కథలు పాడవుతాయని ఇంట్లో తగాదా పడడమూ దీనిలో భాగమే. ఇలా కుట్టిన పుస్తకాలు హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడతాయి. అంతర్జాలం వచ్చాక పాత సంచికల స్కాన్ ప్రతులు, అంటే పేజీలను ఫొటోల్లా తీసి కంప్యూటర్లో భద్రపరిచినవి, అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న తెలుగువారికి చేరాయి. మొదటి రోజుల్లో వాళ్లు వెతుక్కున్నది తమ బాల్యంలో ఆగిపోయిన భాగాన్ని: బదిలీ వల్లనో, చందా కట్టలేకనో, హాస్టలుకు పోవడం వల్లనో చదవకుండా మిగిలిన ఆఖరి రెండు మూడు నెలల కథను. యాభై ఏళ్ల మనిషి, ముప్పై ఎనిమిదేళ్ల కిందట లోయ అంచున వదిలేసిన వీరుడు ఏమయ్యాడో తెలుసుకోవడానికి స్కాన్ ప్రతి తెరవడాన్ని బాల్యచాపల్యమని కొట్టివేయడం తగదు. ఆ పాఠకుడు తన బాకీ తీర్చుకుంటున్నాడు.

బేతాళ కథల బాకీ ఇంతవరకు తీరలేదు. చందమామలో అవి చదివి పెద్దవారైనవారు తమ పిల్లలకో మనవలకో ఆ కథలు చెప్పేటప్పుడు, కథాసరిత్సాగరం అనువాదం దగ్గర పెట్టుకుని, క్షాంతిశీలుడి వధ వరకు చెప్పడం అవసరం. పత్రిక తన అవసరం కోసం ఆ ముగింపును వాయిదా వేసింది, ఆ అవసరం ఇప్పుడు లేదు. రాజు ఎందుకు అన్నిసార్లు వెనక్కి వెళ్లాడో, బేతాళుడు అతడికి శత్రువో మిత్రుడో తేలేది అక్కడే.

ధారావాహికల విషయంలో పరిస్థితి మెరుగు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాటిని చిత్ర బొమ్మలతో సహా విడి నవలలుగా తిరిగి అచ్చువేసింది. ఎనిమిదేళ్ల పాఠకుడు నేడు ‘రాకాసిలోయ’ను నెల ఆగకుండా రెండు రోజుల్లో చదివేయగలడు, నెల రోజుల నిరీక్షణ అతడికి దక్కకపోవడం నష్టమే. కాని 1954 నుంచి 1978 దాకా ఒక్క నెల కూడా అచ్చు కాని వివరం ఈ పుస్తకాలపై ఉంది: రచయిత, దాసరి సుబ్రహ్మణ్యం.